బూరె అక్షరాలు

పోయిన ఆదివారం మా మనవరాలు విశాఖపట్నం నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఒళ్ళో కంప్యూటరు తెరిచి, ఒకటి చూపిస్తాను రమ్మంటే, పొయ్యి మీద వంకాయ కూర అడుగంటుతున్నా వదిలేసి పరుగెత్తాను. ఆ పిల్ల అక్కడ బొమ్మలూ అక్షరాలూ గీసే చదువు చదువుతోంది. తెర నిండా తెలుగు అక్షరాలు, నల్లగా, లావుగా, గుండ్రంగా, ఎక్కడా సన్నబడకుండా ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకే మందంతో, బువ్వ తిని అరుగు మీద కూర్చున్న పిల్లల్లా వరసగా ఉన్నాయి. కొట్ల బోర్డులకీ పోస్టర్లకీ పెద్ద పెద్ద పేర్లు రాయడానికి పనికొచ్చే అక్షరాలట, తనే నెల రోజుల నుంచి తయారు చేస్తోందట. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ముందు ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా చూశాను, తర్వాత వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వంటింటి గుమ్మం దాటి పెరట్లో నూతి గట్టు దాకా పోయి, అక్కణ్ణుంచి కళ్ళు చికిలించి చూసి, మ పొట్టలో కన్నం చాలదని కేకేసి చెప్పాను. పిల్ల నోరు తెరిచేసింది. వాళ్ళ మేడమ్ కూడా సరిగ్గా ఆ మాటే అన్నదట. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్న అమ్మమ్మకి అక్షరం పొట్ట సంగతి ఎలా తెలిసిందని దాని ఆశ్చర్యం. ఆ పూట కూర మాడింది గాని, నేను దానికి చెప్పిన కథ మాత్రం మాడలేదు. అదే మీకూ చెబుతాను.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనకాపల్లిలో ఫ్లెక్సీలు ఇంకా సందుసందుకీ రాలేదు. కొట్టు తెరిచినా, బడికి సున్నం కొట్టినా, లారీ కొన్నా, పేరు రాయడానికి మనిషి కావాలి. ఆ మనిషి మా ఆయన. మెయిన్ రోడ్డు వెనక సందులో మాకొక రేకుల షెడ్డు ఉండేది, దాని ముందు ఎప్పుడూ ఆరుతున్న బోర్డులు నిలబెట్టి ఉండేవి, వాటి మధ్య నుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడవకపోతే చీరకి బెల్లం కొట్టు పేరు అంటుకునేది. ఊళ్ళో తతిమ్మా పెయింటర్లు అక్షరానికి తోకలు తిప్పేవారు, నీడలు వేసేవారు, పువ్వులు పెట్టేవారు. మా ఆయనకి అవేవీ గిట్టవు. మేకు కొట్టి దానికి దారం కట్టి, దారం కొసకి సుద్దముక్క ముడేసి, గిర్రున తిప్పి గుండ్రాలు గీసేవారు. నిలువు గీతలకి వెదురు బద్ద. మందం ఎంతంటే ఆయన పెద్ద బ్రష్షు వెడల్పు ఎంతో అంత, వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు. బస్సులో పోయేవాడికి బోర్డు చదవడానికి ఎంతసేపు ఉంటుంది, వాడు తోకలు చూస్తాడా, పేరు చూస్తాడా అని ఆయన వాదన.

ఆయన సుద్దతో గీతలు గీసిస్తే, వాటి మధ్య రంగు నింపే పని నాది. నాకు అక్షరం ముక్క రాదు. మా పుట్టిల్లు కొండకర్ల దగ్గర పల్లె, తమ్ముళ్ళని ఎత్తుకోవడంతోనే నా బడి వయసు అయిపోయింది. పెళ్ళై వచ్చిన కొత్తలో మొదటిసారి బ్రష్షు చేతికిచ్చినప్పుడు, అదొక బెల్లం వ్యాపారి బోర్డు, గీతల మధ్య నింపమన్నారు కదా అని నేను ర లోపలి గుండ్రాన్నీ, సున్న లోపలి గుండ్రాన్నీ, ముగ్గు గడుల్లో రంగు వేసినట్టు ఒక్కటీ వదలకుండా ఇంపుగా నింపేశాను. ఆ వ్యాపారి వచ్చి చూసి తెల్లబోయాడు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఏటే ఇది, బోర్డు రాయమంటే బూరెలు వండేసేవేటే!"

అప్పటినుంచీ మా షెడ్డు అక్షరాలకి ఊళ్ళో బూరె అక్షరాలని పేరు పడిపోయింది. బోర్డు రాయించుకోవడానికి వచ్చేవాళ్ళు కూడా, నాకు ఆ బూరె అక్షరాలే కావాలి అని అడిగేవారు. నేను మాత్రం ఆ రోజునుంచి కన్నం జోలికి పోలేదు. ఇరవై ఏళ్ళు నింపాను. ఏ అక్షరం ఏమిటో తెలియదు గాని, ఒక్కొక్కదాని ఒంపూ, మలుపూ, బ్రష్షు ఎక్కడ ఆపాలో, ఎక్కడ పడుకోబెట్టాలో నా మణికట్టుకి తెలుసు.

చదువు సంగతి చర్చిలో మొదలైంది. మా పాస్టరమ్మగారు మధ్యాహ్నాలు అరుగు మీద మాలాంటి ఆడవాళ్ళని ఎనిమిదిమందిని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవారు. పాటల పుస్తకం పట్టుకుని పెదాలు ఆడించడం తప్ప చదవడం రాని వాళ్ళమే అందరం. నాకు నలభై రెండో, నలభై మూడో. మొదటి రోజు వాచకం తెరిచి అ చూపిస్తే, దారప్పోగులా సన్నగా ఉన్న ఆ గీత నాకు ఏ జన్మలోనూ చూసినట్టు అనిపించలేదు. వారం గడిచినా అంతే. పక్కనున్న చిన్నపిల్లలాంటి కోడళ్ళు గబగబా అప్పజెబుతుంటే నాకు చెమటలు పట్టేవి. బోర్డులు రాసే ఇంటిదానికి అక్షరాలు రావట్లేదని వాళ్ళు మూతులు కొంగులతో కప్పుకుని నవ్వేవారు. ఒకరోజు పాస్టరమ్మగారికి ఏం తోచిందో, నన్ను చెయ్యి పట్టుకుని గేటు బయటికి తీసుకుపోయి, పైనున్న చర్చి బోర్డు వైపు వేలు చూపించి, ఇందులో ఇప్పుడు నేర్చుకున్న అ ఎక్కడుందో చూపించమన్నారు. ఆ బోర్డు మా ఆయన గీసినదే, నేను నింపినదే. దానిమీద "అందరూ రండి" అని ఉందని నాకు అప్పటికి తెలియదు. తలెత్తి చూశానో లేదో, మొట్టమొదటి అక్షరం దగ్గర నా మణికట్టు దానంతటదే తిరిగింది. అదే! పుస్తకంలోని బక్కపీనుగలాంటి అ, బోర్డు మీది బలిసిన అ, రెండూ ఒకటే మనిషి! నేను రోడ్డు మీదే చప్పట్లు కొట్టాను. ఆ పూటే ద, ర, డ కూడా దొరికాయి.

ఆ తర్వాత నెల రోజులు నా ఆనందం ఎవరూ పట్టలేకపోయారు. ఊరంతా నాతో మాట్లాడటం మొదలుపెట్టినట్టుండేది. ఇరవై ఏళ్ళు నేను అలంకరించి పంపిన ఆడపిల్లలు ఏ ఇంట ఏం పేరుతో ఉన్నారో అప్పుడు తెలుసుకున్నాను. ఇది మందుల కొట్టా! ఇది ఎరువుల కొట్టా! నేను గుడి అనుకున్నది బియ్యం మిల్లా! కశింకోటలో మా ఆడపడుచు ఇంటికి షేర్ ఆటోలో పోతూ, దారి పొడుగునా బోర్డులు పైకి చదువుతుంటే, పక్కన కూరగాయల గంప పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ ఓపిక పట్టి పట్టి, "ఒలమ్మా, నువ్వేటి కండక్టరు ఉజ్జోగం సేత్తన్నావేటి, అన్ని ఊర్లూ పిలుత్తన్నావు?" అంది. ఆటో అంతా నవ్వింది. నేను చదువులో పడి దిగవలసిన చోటు దాటిపోయి, మండుటెండలో వెనక్కి నడిచాను, నడుస్తూ ఇంకా చదివాను.

సరే, అసలు కథకి వస్తాను. మా వీధికి పూడిమడక నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఒకామె ఉండేది. వరస ఏమీ లేకపోయినా ఒకరినొకరం వదినా అనుకునేవాళ్ళం. వాళ్ళ పాత పడవ మీద పేరు మా ఆయన రాసిందే. వేసవిలో వేట ఆపే రోజుల్లో వాళ్ళు కొత్త ఫైబరు పడవ కొన్నారు; మళ్ళీ వేట మొదలయ్యేలోగా దానిమీద "గంగమ్మ తల్లి" అని మేమే రాయాలని వదిన ముందే మాట తీసుకుంది. ఈలోగా మా ఆయనకి ఒక కంటికి శుక్లం తీశారు. రెండో కన్ను మసక, కళ్ళజోడు ఇంకా ఇవ్వలేదు, ఏ గీతైనా ఆయనకి రెండుగా కనిపించేది. ఈ సంగతి బయటికి పొక్కకూడదని ఆయన పట్టుదల. పెయింటరుకి చూపు తగ్గిందన్న మాట ఒక్కసారి బజారులో పడిందంటే ఇంక ఎవరు వస్తారు? అప్పటికే మెయిన్ రోడ్డు మీద కంప్యూటరు పెట్టి రేడియం స్టిక్కర్లు కోసే కొట్టు తెరిచారు. అందుకని, నువ్వు గియ్యి, నేను పక్కనుంటాను అన్నారు. ఇరవై ఏళ్ళు నింపినదాన్ని గాని గీసినదాన్ని కాదు. అయినా గుండె దడదడలాడుతుంటే ఒప్పేసుకున్నాను. భయానికి కాదు, ఉబలాటానికి.

పూడిమడక ఒడ్డున బస్సు దిగేసరికి మా చేతుల్లో రంగు డబ్బాలు చూసి వదిన పెద్దకొడుకు ఎదురొచ్చాడు. వాడు నన్ను అత్తా అని పిలిచేవాడు. గీసేది నేనని తెలిసి వాడి మొహం మాడిపోయింది.

"అత్తా, నువ్వా రాత్తావు? రేడియం ఏయించెత్తే ఒక్క గంట పనే. కుర్రోలందరూ అదే ఏయిత్తన్నారు."

వదిన తట్ట కింద పడేసి వాడి మీదకి లేచింది. "నీ రేడియం నీ బండికి అంటించుకో. ఒడ్డు మీద నిలబడేది నాను. నాకు సదువు రాదు. పడవ అల్లంత దూరాన వత్తన్నప్పుడే నాది అని తెలియాల. మీ అయ్య పడవ ఎప్పుడైనా ఒకరు సెప్తే గుర్తుపట్టేనా నాను?"

ఆ మాట నిజమే. గాలి లేచిన రోజున ఒడ్డు మీద నిలబడ్డ ఆడదానికి, వచ్చే పడవల్లో తనది ఉందా లేదా అన్నది ఎంత ముందు తెలిస్తే అంత ప్రాణం. పైగా ఆ ఏడు కొట్లో ఒకే నీలం రంగు దొరికిందో ఏమో, సగం పడవలు ఒకే నీలంలో ఉన్నాయి. చివరికి కొడుకు ఒక షరతు పెట్టాడు. మర్నాడు పొద్దున్న పడవలన్నీ ఇంజన్లు చూసుకోవడానికి కెరటాలు దాటి ఒక చుట్టు తిరిగి వస్తాయి. వాటిలోంచి తన తల్లి ఒడ్డునుంచే తమ పడవని గుర్తుపడితే బూరె అక్షరాలు ఉంటాయి, లేకపోతే వాటిని గీకేసి రేడియం అంటిస్తాడు. వదిన సరేనంది. నేను సరేనన్నాను. మా ఆయన, కన్ను ఆపరేషనప్పుడు ఇచ్చిన నల్లద్దాలు పైకి తోసుకుని, దారం ఉండ నా చేతిలో పెట్టారు.

బోర్లించిన తెప్ప నీడలో ఆయన కూర్చుంటే నేను పడవ మూతి దగ్గర పని మొదలుపెట్టాను. దారం తిప్పాను, బద్ద పెట్టాను. నా చేత్తో నేను గీసిన మొదటి గ అది! ఒడ్డునుంచి కనపడాలి కదా, లావుగా ఉంటేనే కదా కనపడేది అనుకుని, ఉత్సాహంలో ఆయన బ్రష్షు వెడల్పుకి ఇంకో సగం కలిపి మరీ లావు చేశాను. తెల్ల రంగు నిండుగా, మెరుస్తూ, నాకే ముద్దొచ్చేట్టు ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని గర్వంగా నిలబడ్డాను. అంతలో వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళలోంచి ఒకాయన వదిన భర్తని పిలిచి, "ఏటి బావా, పడవకి పిడకలు కొట్టించేవేటి? ఎండితే పొయ్యిలోకి పనికొత్తాయా?" అన్నాడు. ఒడ్డంతా గొల్లుమంది. వదిన కొడుకు నవ్వలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మా ఆయన నన్ను పిలిచి, నీళ్ళ అంచు దాకా పోయి నిలబడి చూడమన్నారు. పోయాను.

"అచ్చరాలు ఎలాగున్నాయో నాకు సెప్పొద్దు. ఎన్ని కన్నాలు అవుపడతన్నాయో అది సెప్పు" అని అరిచారు.

చూశాను. ఒక్కటీ లేదు. సున్న మూసుకుపోయింది, మ పొట్ట మూసుకుపోయింది, లి మీద గుడి ముద్దయిపోయింది, కిందనున్న ఒత్తులు పై అక్షరాల్లో కలిసిపోయాయి. దగ్గరనుంచి అక్షరాలే, దూరంనుంచి నిజంగానే పిడకలు. పెళ్ళైన కొత్తలో చేసిన తప్పునే ఇరవై ఏళ్ళు తిరిగి, ఈసారి కన్నంలో రంగు పడకుండానే చేశాను. ఒక్కటీ లేదని అక్కణ్ణుంచే కేకేసి చెప్పాను.

"లావు రంగులో లేదే, కన్నంలో ఉంది. కన్నం ముందు గియ్యి. దాని సుట్టూ రంగు తిప్పు. నానెప్పుడూ అలాగే గీసేను, నువ్వు సూసుకోలేదు" అన్నారు.

ఇన్నేళ్ళు పక్కన కూర్చుని నింపిన నాకు, ఆయన దారం ముందు చిన్నదిగా పట్టి లోపలి గుండ్రం గీసేవారని, తర్వాతే పొడుగు వదిలి బయటి గుండ్రం గీసేవారని అప్పుడు గుర్తొచ్చింది. చూస్తూనే ఉన్నాను, చూడలేదు. ఇంక నా చేతులకి ఎక్కడలేని వేగం వచ్చింది. కిరసనాయిలు గుడ్డతో అంతా తుడిచేశాను, పడవ అంచంతా తెల్లగా పులిమినట్టయితే మళ్ళీ నీలం పూసి, అది అంటుకోకుండా అయ్యేదాకా వదిన పెట్టిన చేపల పులుసన్నం గబగబా తిని, మళ్ళీ కూర్చున్నాను. ఈసారి ముందు కన్నాలే గీశాను, వెడల్పుగా, ఊపిరాడేట్టు. వాటి చుట్టూ అక్షరం దానంతటదే వచ్చి కూర్చుంది. ఒత్తుల్ని జానెడు కిందకి దించి, వాటికి వేరే కాపురం పెట్టాను. పొద్దు వాలకముందే అయిపోయింది. నీళ్ళ అంచు దాకా నేనే పరిగెత్తి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, "మూడు కన్నాలూ అవుపడతన్నాయి!" అని చిన్నపిల్లలా గంతులేశాను. ఆయన తల ఊపారు, అంతే.

మర్నాడు పొద్దున్న పడవలకి పసుపు రాసి, గుమ్మడికాయలు కొట్టి, నీళ్ళలోకి తోశారు. తల్లి దొంగచూపు చూస్తుందేమోనని కొడుకు వదినని సముద్రానికి వీపు పెట్టి, తాటిచెట్ల వైపు తిప్పి నిలబెట్టి మరీ పడవెక్కాడు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఆరో ఏడో పడవలు కెరటాలు ఎక్కి దిగి, అవతల ఒకదాన్నొకటి దాటుకుని కలగాపులగం అయిపోయాయి. అప్పుడు మా ఆయన, "తిరగమ్మా" అన్నారు.

వదిన తిరిగింది. నేనూ చూశాను. అంత దూరాన అన్నీ నీలపు ముక్కలే, వాటి మీద తెల్లని నలుసులే. నేను కళ్ళు చికిలించి, మొదటిదాని మీద ఏముందో, గ నా, ద నా అని కూడబలుక్కుంటున్నాను.

"అదిగో!" వదిన చెయ్యి బాణంలా లేచింది. "నోరు తెరుసుకుని వత్తంది సూడు, ఆ మూడోది! అదే మాది!"

అదే. అది దగ్గరపడేదాకా నేను నమ్మలేదు, ఎవరూ నమ్మలేదు. సున్న నోరు, మ నోరు బార్లా తెరుచుకుని, నీళ్ళు కారుతూ, గంగమ్మ తల్లి ఒడ్డుకి వచ్చి తగిలింది. పిడకలన్న ఆయన వల పక్కన పెట్టి లేచి వచ్చి, అక్షరాలని అరచేత్తో తడిమి, తన పడవకి కూడా అలాగే రాయమన్నాడు. కొడుకు దూకి వచ్చి, "అత్తా, రేడియం ఓడిపోయింది" అన్నాడు. ఒక్క మా ఆయనకే ఏమీ కనపడలేదు. ఆయన అందరి గొంతులూ విని, నావైపు మొహం తిప్పి, నిజంగా గుర్తుపట్టిందా, లేకపోతే నువ్వు సైగ చేశావా అని చెవిలో అడిగారు. ఆ నెలలో పూడిమడకలోనే ఎనిమిది పడవలు రాశాను. ఆయనకి చూపు బాగయ్యాక కూడా బజారులో ఎవరైనా అడిగితే, గీత మాయావిడిది, నాను రంగు కలుపుతాను అని చెప్పుకునేవారు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ రేకుల షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. మొన్న చలికాలంలో పూడిమడక పోయాను. వదినకి నడుం వంగింది గాని నోరు వంగలేదు. ఇద్దరం ఇసకలో కూర్చుని పాత సంగతులు చెప్పుకుంటుంటే, ఆవిడ రొంటిన దోపుకున్న ఫోను మోగింది. పెద్దకొడుకు, నడిసముద్రంలోంచి. వచ్చేస్తున్నామని రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు. వదిన సముద్రం వైపు తలైనా తిప్పకుండా లేచి, చీర దులుపుకుని, తట్ట అందుకుని, చేపల వేలంపాట పాక వైపు తీరిగ్గా నడిచింది. ఆ ఫోను వల్ల ఎందరు ఆడవాళ్ళ గుండెలు కుదుటపడి ఉంటాయో నాకు తెలుసు, దాన్ని ఒక్క మాట అనను. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. కాసేపటికి పడవలు కనిపించాయి. అన్నిటి మీదా తళతళలాడే స్టిక్కర్లే, తోకలూ నీడలూ మెరుపులూ. దగ్గరికి వస్తున్నకొద్దీ ఒక్కొక్క పేరూ చదివాను. ఇప్పుడు నాకు కూడబలుక్కోనక్కర్లేదు, చక్కగా, తప్పు లేకుండా చదువుతాను. వాటిలో మూడు గంగమ్మ తల్లులున్నాయి. మూడూ చదివాను. మా వదినది ఏదో చెప్పలేకపోయాను.